పానా పట్టిన మావయ్య

చోడవరం దగ్గరి గోవాడ పేరు చెప్పగానే ఎవరికైనా చెరుకు తోటలూ, సహకార చక్కెర మిల్లూ గుర్తుకొస్తాయి. (2022 నుంచి ఆ వూరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళిందిలెండి!) నాకు మాత్రం మా చిన్నమావయ్య గుర్తుకొస్తాడు. వైమానిక దళంలో ఇరవై యేళ్ళు చేసి, తిరిగి వచ్చి చెరుకు సాగులో పడ్డాడు.

సెలవులకు వెళ్ళిన పిల్లలందరం, "విమానం యెలా నడిపావు మావయ్యా?" అని చుట్టూ మూగేవాళ్ళం.

"నడపడానికి నేనెవర్నిరా? పానా పట్టుకుని కింద నిలబడేవాణ్ణి" అనేవాడు. మా వుత్సాహమంతా నీరుగారిపోయేది.

కాని ఆ కిందివాడు ఇంజను చూసి, ఫారం 700లో సంతకం పెడితేగాని విమానం నేల విడవదు. అది మళ్ళీ దిగేదాకా ఆయనకు అన్నం సహించేది కాదట. దళంవారి ధ్యేయవాక్యం గీతలోని విశ్వరూప ఘట్టం నుంచి తీసుకున్నది. తెలుగు పంతుల్ని గనుక నాకది ఇష్టమే. అయితే నేలమీద నిలబడ్డవాడి వూసు అందులో లేదు.

2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ ఏఎన్-32 విమానమొకటి బంగాళాఖాతంపై మాయమైంది. అందులో 29 మంది. ఎనిమిదిమంది మన విశాఖ నౌకాదళ ఆయుధాగారంలో పనిచేసేవాళ్ళే. ఆ రాత్రి మావయ్య అరుగు దిగలేదు. "సంతకం పెట్టినవాడు యెలా వున్నాడో" అన్నాడొక్కసారి.

ఏడున్నరేళ్ళకు, 2024 జనవరిలో, చెన్నై తీరానికి దూరంగా 3,400 మీటర్ల లోతున శకలాలు కనిపించాయని ప్రకటించారు. పత్రిక చదివి వినిపించాను.

"ఇంజను దొరికిందా?" అని అడిగాడు.

ఆ సంగతి నా చేతిలోని పత్రికలో లేదు.