గడికి అడుగు లేదు

పత్రికలో కార్టూన్‌కి కొలత ఎడిటర్‌ ఇచ్చేవాడు. ఇంత గడి, నవ్వు అందులోనే. బాపు ఆ గడిలోనే సంసారాలు నడిపాడు. ఫోన్‌లో ఆ గడికి అడుగే లేదు. 2004లో కొరియాలో నేవర్‌ అనే కంపెనీ మొదలుపెట్టిన వెబ్‌టూన్‌లో బొమ్మలు నిలువుగా దిగుతాయి. మధ్యలో ఎంత ఖాళీ వదిలితే అంత మౌనం. మైలవరం బస్టాండులో కుర్రాళ్లు అలాంటి కథల్ని బొటనవేలితో తోసుకుంటూ పోతుంటే నాకు ముచ్చట. (కాస్త అసూయ కూడా.) ఫోన్‌ కోసం గీసే మనవాళ్లకి ఎడిటర్‌ బెడద లేదు సరే, పారితోషికం పంపేవాడూ లేడు. అమెరికాలో రాండల్‌ మన్రో 2005లో పుల్లల మనుషులతో ఎక్స్‌కేసీడీ అనే వెబ్‌ కామిక్‌ మొదలుపెట్టి, బొమ్మలు ఊరికే చదివించి, చొక్కాలూ పుస్తకాలూ అమ్మాడు. మనవాళ్ల బొమ్మల చొక్కా కొనేదెవరు? బాపు చేతిరాత ఫాంటయింది గానీ, ఒత్తులూ గుడులూ మాటల బెలూన్‌లో ఇరికించే తిప్పలు ఇంకా గీసేవాడివే.