భటుడికి భూతం దొరికితే

కోరికలు తీర్చే భూతాలు కథల్లో ఎవరికి దొరుకుతాయో గమనించారా? అల్లావుద్దీన్ కథలో దర్జీ కొడుక్కి. 1951లో వచ్చిన పాతాళభైరవిలో తోటమాలి కొడుకు తోట రాముడికి. ఈటె పట్టుకుని కోట గుమ్మం దగ్గర నిలబడే భటుడికి మాత్రం దొరకదు. రాజు చప్పట్లు కొడితే రావాలి, హీరో కొడితే పడిపోవాలి. అంతే వాడి పాత్ర.

ఇది నాకు చూపించింది మా బావ. ఆర్మీలో జవాను. లీవులో సిద్దిపేట వచ్చినప్పుడు పాతాళభైరవి పెట్టుకున్నాం. మేమంతా ఎస్వీ రంగారావు మాంత్రికుడిని, రేలంగి వేషాలను చూస్తుంటే ఆయన వెనకాల నిలబడ్డ భటులను చూసి నవ్వుతున్నాడు.

"గా మూలకున్నోన్ని చూడు బామ్మర్దీ. డ్యూటీ ఎప్పుడైతదా అని చూస్తుండు."

సరే, ఆ బొమ్మ వాడికే దొరికిందనుకుందాం, ఏం అడుగుతాడు అన్నాను. నేనైతే మొదటి కోరికగా ఇంకో వంద కోరికలు అడుగుతా. (ఇంజినీరింగ్ చదివిన ప్రతివాడూ ముందు లొసుగే వెతుకుతాడు.) బావ ఆలోచించలేదు కూడా.

"లీవు. ఇంకో పది దినాలు."

"మరి ఇస్తుందా?"

"యాడిస్తది! మహల్ కట్టుడు అల్కగనే. లీవు పొడిగించుడు నా చేతుల లేదు, అప్లికేషన్ పెట్టు, మీ సాబ్‌ను అడుగు అంటది."

ఇంక ఆగలేదు. సినిమాలో మాంత్రికుడు మహల్‌తో సహా రాజకుమారిని ఎత్తుకుపోతాడు కదా, అట్లనే మన ఇంటిని అక్కతో, పాపతో, వాకిట్లో వేపచెట్టుతో సహా లేపి యూనిట్ పక్కన పెట్టమంటాడట. పెడుతుందట కూడా. తెల్లారేసరికి సాబ్ వచ్చి, ఫీల్డ్ పోస్టింగ్‌లో ఫ్యామిలీకి పర్మిషన్ లేదు, మళ్ళీ సిద్దిపేటలనే పెట్టు అంటాడట. అక్క నవ్వలేదు.

మూడోది కన్ఫర్మ్ బెర్త్. సిద్దిపేటకు రైలు రావాలని మా ఊరోళ్లు ఏండ్ల తరబడి ఎదురుచూశారు, 2023 అక్టోబర్ 3న సికింద్రాబాద్ రైలు మొదలైంది. ఆ కోరికైతే ఏ భూతమూ లేకుండానే తీరింది. ఉత్తరాది నుంచి సికింద్రాబాద్ దాకా వచ్చే బెర్త్ సంగతే ఇంకా తేలలేదు.

ఇంతకీ సైనికుడికి భూతం దొరికిన కథ ఒకటుంది. డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1835లో అచ్చువేసిన 'చెకుముకి పెట్టె'. యుద్ధం నుంచి ఇంటికి పోతున్న సిపాయిని ఒక మంత్రగత్తె చెట్టు తొర్రలోకి దింపుతుంది. అచ్చం మన మాంత్రికుడిలాగే, ఆమెకు కావాల్సింది డబ్బు కాదు, లోపలున్న ఆ పాత పెట్టె. దాన్ని గీస్తే పెద్ద పెద్ద కళ్ల కుక్కలు ప్రత్యక్షమై ఏది అడిగితే అది తెస్తాయి. సిపాయి డబ్బు తెప్పిస్తాడు, రాజకుమారిని తెప్పిస్తాడు, ఉరికంబం దాకా పోయి ఆ కుక్కల వల్లే బతికి రాజవుతాడు. పెళ్లి విందులో కుక్కలు కూడా బల్ల దగ్గరే కూర్చుంటాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

బావ అంతా విని, "గా సిపాయి ఇంటికి వోయిండా?" అన్నాడు.

ఫోన్‌లో కథ మళ్ళీ మొదటి నుంచి చూశాను. మొదట్లోనే, ఇంటికి బయలుదేరాడని ఉంది. ఆ తర్వాత ఆ ఇంటి మాట ఎక్కడా లేదు.

"పోలేదు బావా. రాజయిండు."

"మరి గాయినకు లీవు ఎవరిస్తరు?" అనుకుంటూ బ్యాగు సర్దుకోవడానికి లోపలికి పోయాడు. తెల్లారి ఆయన బండి.