ఒక్క నిమిషం

యాభై దాటినవాణ్ణి కంప్యూటరు ముందు కూర్చుని రాక్షసుల వెంట పడుతున్నానంటే నవ్వరూ మరి! మా ఆవిడ రోజూ నవ్వుతూనే వుంది. మీరూ నవ్వుకోండి; నా కేమీ అభ్యంతరం లేదు.

1993 డిసెంబరులో అమెరికాలో ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థవాళ్ళు ‘డూమ్’ అనే ఆటను విడుదల చేశారు. మొదటి భాగం వుచితం; ఎవరైనా నకలు తీసి మరొకరికి యివ్వవచ్చు. ఆ చేయీ యీ చేయీ మారి, 1997లో అది ఫ్లాపీలమీద హైదరాబాదులోని మా గదికి చేరింది. కంప్యూటరు స్నేహితుడిది, చదువు నాది, ఫీజు నాన్నగారిది.

అందులో ఏముందని అడుగుతారేమో. తెరమీద మనిషి కనపడడు. చెయ్యీ, తుపాకీ మాత్రమే. చూసేది మన కళ్ళే. తెర అడుగున ఒక చిన్న మొహం వుంటుంది. దెబ్బ తగిలినకొద్దీ నెత్తురోడుతుంది. రాక్షసుడు విసిరిన నిప్పుముద్ద కంటికి కనపడుతూనే వస్తుంది. చురుకైనవాడు పక్కకు తప్పుకోవచ్చు. తరవాత వచ్చిన ఆటలు చాలావాటిలో గోడచాటున కాసేపు నక్కితే గాయాలు వాటంతటవే మానిపోతాయి. డూమ్‌లో ఆ దయ లేదు. మందుపెట్టె దొరికేదాకా పరుగెత్తవలసిందే. ఆ పరుగులో అప్పులూ, పరీక్షలూ, ఆఖరికి ఆకలీ గుర్తుండేవి కావు. దాని మహిమ అదే. నా కొంప తీసిందీ అదే.

పరీక్షలకు వారం ముందు నాన్నగారు చెప్పకుండా వూరినుంచి వచ్చారు. నేను తల తిప్పకుండానే, “ఒక్క నిమిషం నాన్నగారూ” అన్నాను. ఆయన సంచీ దింపి చాపమీద కూర్చున్నారు. ఆ నిమిషం గంటయింది.

చివరికి, “అందులో నువ్వెక్కడున్నావురా?” అని అడిగారు.

అడుగున వున్న మొహం చూపించాను.

“పాపం, బాగా దెబ్బలు తగిలాయే!” అన్నారు. అంతే. ఒక్కమాట తిట్టలేదు. ఆ యేడు పరీక్ష తప్పాను. రెండోసారి ఫీజు కూడా ఆయనే కట్టారు. యిప్పుడాయన లేరు.

మొన్న రాత్రి మంచి పరుగులో వుండగా మా అబ్బాయి గుమ్మంలో నిలబడి, “నాన్నా, ఒక మాట” అన్నాడు. వెంటనే ఆట ఆపాను. అదేమంత కష్టం కాదు. ఒక్క మీట నొక్కితే చాలు.

ఆ మీట 1997లో కూడా వుండేది.