స్కూటర్‌లో మజ్జిగ

2021 నవంబరు 18, గురువారం. తిరుపతిలో ఉన్నవాళ్ళు ఆ తేదీ అంత సులువుగా మర్చిపోరు. కపిలతీర్థంలో నీళ్ళు ఎట్లా దూకుతున్నాయో టీవీలో చూస్తుండగానే మా వీధి కాలువైంది. బియ్యం డబ్బా, పిల్లాడి సర్టిఫికెట్లు మంచాల మీదికి ఎక్కించే హడావుడిలో గేటు పక్కనున్న స్కూటర్ ఎవరికీ గుర్తు రాలేదు. తెల్లారి చూస్తే సీటు దాకా నీళ్ళలో ఉంది.

శనివారానికి నీళ్ళు తీశాయి. "మెకానిక్ చూసేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు" అని చెప్పి మా వారు పనికి వెళ్ళారు. మధ్యాహ్నం అత్తయ్య బీపీ మాత్రల డబ్బా తీస్తే ఖాళీ. మెడికల్ షాపు రెండు కిలోమీటర్లు. బయట ఎండ కాస్తోంది, బండి ఆరిపోయినట్టే కనిపించింది. సెల్ఫ్ పలకలేదు. కిక్ కొట్టాను. పదోసారికి అంటుకుంది. సైలెన్సర్‌లోంచి నీళ్ళు చిమ్ముతూ రెండు నిమిషాలు ఆడి, దగ్గి ఆగిపోయింది. స్టాండు వేసి, నడిచే వెళ్ళి మాత్రలు తెచ్చాను. ఎవరికీ చెప్పలేదు.

ఊళ్ళో ప్రతి షెడ్డు ముందూ మునిగిన బండ్ల వరసే. మా వంతు వచ్చేసరికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. మెకానిక్ ఇంటికే వచ్చి కింద నట్టు విప్పాడు. నల్లగా రావలసిన ఆయిల్, పాలు ఎక్కువైన కాఫీలా కారింది.

"ఎవురో స్టార్ట్ చేసినారు సార్" అన్నాడు. "ఊరికే పెట్టింటే నీళ్ళు అడుగున ఉంటాయి. నట్టు తీస్తే ముందు నీళ్ళే పోతాయి. ఇంజిన్ తిరిగితే రెండూ కలిసిపోతాయి. ఆ ఆయిల్‌లో జిడ్డుండదు, లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి."

కవ్వం పెట్టి చిలికింది నేనే.

మా వారు పిల్లాడి వైపు తిరిగారు. ఇంటర్ చదివే వయసు, బండంటే ప్రాణం. "నేను కాదు నాయనా" అన్నాడు వాడు. "పైగా అబద్ధమా!" అని ఆయన చెయ్యెత్తారు. వాడు నా వైపు చూశాడు. శనివారం వాడు మేడ మీదే ఉన్నాడు. కిక్ చప్పుడు విన్నాడని నాకు అప్పుడే తెలిసింది. అయినా నా పేరెత్తలేదు.

"నేనే తీసినా, అత్తయ్య మాత్రల కోసం" అన్నాను.

ఆయన చెయ్యి దించారు. వాడి భుజం మీద వెయ్యబోతే వాడు పక్కకి జరిగాడు.

మెకానిక్ తల ఎత్తకుండా పని చేసుకుపోయాడు. ప్లగ్ తీసి కిక్ కొడితే సిలిండర్‌లో మిగిలిన నీళ్ళు చిమ్మాయి. అక్కడ నీళ్ళు నిండుగా ఉండి ఉంటే నా కిక్కులకు లోపలి రాడ్డు వంగిపోయేదట. ఎయిర్ ఫిల్టర్ మార్చాడు, గేర్ ఆయిల్ కూడా తీసేశాడు. చవక ఆయిల్ పోసి, కాసేపు ఆడించి, వంపేశాడు. అది టీ రంగులో వచ్చింది. మళ్ళీ పోశాడు. మూడోసారికి గానీ తేట పడలేదు. అప్పుడు మంచి ఆయిల్ పోశాడు. ఆయిల్ ఖర్చే నాలుగింతలైంది.

రాత్రి వాడి పక్కన కూర్చుని, "ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"నువ్వే చెప్తావనుకున్నా మా" అన్నాడు. ఎంతసేపు ఎదురుచూశాడో!

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వానలకు వాడే ముందుగా లేచి బండిని వరండా ఎక్కించాడు. మీ బండి ఎప్పుడైనా మునిగితే తాళం జోలికి పోకండి. ఆయిల్ నట్టు విప్పించి చూసుకున్నాకే కిక్. పొరపాటున కొట్టి ఉంటే, మెకానిక్ అడక్కముందే చెప్పేయండి.