బ్రహ్మస్థానం



శ్రౌతయాగంలో హోత మంత్రం పఠిస్తాడు, అధ్వర్యుడు ఆహుతి ఇస్తాడు, ఉద్గాత సామగానం చేస్తాడు. నాలుగవ ఋత్విజుడైన బ్రహ్మ దక్షిణదిశలో మౌనంగా ఆసీనుడై ఉంటాడు. లోపం ఎక్కడ సంభవించిందో గమనించి, తక్షణమే ప్రాయశ్చిత్తం జరిపించడమే ఆయన ప్రధాన కర్తవ్యం. పాఠశాలలో బాల్యంలోనే నేర్చిన ఈ విషయం, యాభై దాటిన తరువాత ఒక కెమెరా మూలంగా నాకు నిజంగా బోధపడింది.

శ్రీకాకుళం ప్రాంతంలో, నాగావళీ తీరాన మాది ఒక చిన్న శివాలయం. గర్భాలయం వరకు రాలేని వృద్ధుల కోసం గత కార్తికమాసంలో మండపం వెలుపల ఒక తెర అమర్చాము. కెమెరా దృశ్యాన్ని తెరపై చూపే ప్రోగ్రామును మా మేనల్లుడు వ్రాశాడు. సోమవారం నాడు హారతి ముగించి వెలుపలికి వచ్చేసరికి, ఒక వృద్ధురాలు తెర ఎదుట చేతులు జోడించుకొని కూర్చుని ఉంది.

"హారతి ఇంకా ఇవ్వలేదా బాబూ?" అని అడిగింది.

తెరపై అభిషేకానికి ముందటి దృశ్యమే నిశ్చలంగా నిలిచి ఉంది. ఆమె అరగంటగా గతాన్ని వర్తమానమని నమ్మి నమస్కరిస్తున్నది.

ఆ రాత్రి మేనల్లుణ్ణి కూర్చోబెట్టి కారణం అడిగాను. వాడు చెప్పినది నాకు అర్థమైనంతలో ఇది. ప్రోగ్రాము కెమెరాను నేరుగా తాకదు; లినక్స్ కెర్నల్‌ను అర్థిస్తుంది. ఆ అర్థనకే సిస్టమ్ కాల్ అని పేరు. 2002లో కెర్నల్‌లో చేరిన 'వీడియో ఫర్ లినక్స్' రెండవ రూపంలో కెమెరాతో జరిగే సంభాషణ అధికభాగం ఐఓసీటీఎల్ అనే కాల్ ద్వారానే సాగుతుంది. దోషం సంభవిస్తే డ్రైవరు ఒక ఋణసంఖ్యను తిరిగి ఇస్తుంది. సి లైబ్రరీ దానిని -1గా మార్చి ప్రోగ్రాముకు అందించి, కారణాన్ని ఎర్ర్‌నో అనే చోట నిలుపుతుంది. -1 అంటే 'జరగలేదు'. ఎర్ర్‌నో అంటే 'ఎందుకు జరగలేదు'.

ఆనాడు కేబులు వదులై కెమెరా విడిపోయింది. కాల్ -1 ఇస్తూనే ఉంది. ఎర్ర్‌నోలో 19, అంటే 'పరికరం లేదు' అన్న సంకేతం. ప్రోగ్రాము ఫలితాన్ని పరీక్షించలేదు. పాత చిత్రాన్నే పదే పదే చూపింది. ఇది ప్రమాదం, అనగా ఏమరుపాటు.

"రేపు సరిచేస్తాను మావయ్యా" అన్నాడు. మరునాడు, -1 వచ్చినంతనే ప్రోగ్రాము ఆగిపోయేలా మార్చాడు. ఆ పూట తెర మూడుమార్లు నల్లబడింది. ఈసారి ఎర్ర్‌నోలో 4. కాల్ వేచి ఉన్న సమయంలో వేరొక సిగ్నల్ వచ్చి అంతరాయం కలిగించిందని దాని అర్థం. అది దోషం కాదు. జపమధ్యంలో తుమ్ము వస్తే దక్షిణకర్ణాన్ని స్పృశించి జపం కొనసాగిస్తాం కాని, జపమాలను విసర్జించం కదా! అక్కడ అదే కాల్‌ను మళ్ళీ చేయడమే విధి.

11 అనే మరొక సంఖ్య ఉన్నది. వేచి ఉండనని తెరచిన పరికరంలో చిత్రం ఇంకా సిద్ధం కాలేదని అది తెలుపుతుంది. అరసవల్లిలో మార్చి, అక్టోబరు మాసాలలో కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. మబ్బు పట్టిన రోజున ఆ దర్శనం లభించదు. అంతమాత్రాన సూర్యుడు లేడని ఎవరూ అనరు, మరల వస్తారు. ఏమరుపాటు ఒక కొస, అతిభయం రెండవ కొస. నడుమ ఉన్నదే వివేకం.

వాడి ప్రోగ్రాములో మరొక లోపమూ బయటపడింది. చిత్రాలుండే స్మృతిభాగాన్ని ఎంమ్యాప్ అనే కాల్‌తో పొందుతారు. అది విఫలమైతే శూన్యచిరునామా రాదు. -1కు సమానమైన ప్రత్యేక విలువ వస్తుంది. వాడు శూన్యంతో పోల్చి చూశాడు. పరీక్ష ఉన్నది, కాని అది దోషాన్ని ఎన్నటికీ పట్టుకోదు. గృహ్యకర్మలలో బ్రహ్మస్థానంలో మేము తరచు దర్భకూర్చను ఉంచుతాం. ఆ స్థానంలో సంకల్పపూర్వకమైన జాగరూకత లేకపోతే మిగిలేది గడ్డి మాత్రమే.

చివరిగా వాడు చెప్పిన నియమం నన్ను నిద్రపోనివ్వలేదు. సఫలమైన కాల్ ఎర్ర్‌నోను చెరపవలసిన పని లేదు. అందువలన పాత కారణం వాసనవలె అక్కడే మిగిలి ఉండవచ్చు. కనుక ముందు ఫలితాన్ని చూడాలి. అది -1 అయినపుడే ఎర్ర్‌నోను చూడాలి, అదీ వెంటనే. నడుమ మరొక కాల్ చేస్తే ఆ కారణం మారిపోవచ్చు.

ముప్పై ఏళ్ళ క్రితం ఒక గృహస్థుని ఇంట హోమంలో నేను ఒక అనువాకం విడిచిపెట్టాను. నాకు తెలిసింది. ఎవరూ గమనించలేదు. పూర్ణాహుతి చేయించి, దక్షిణ స్వీకరించి, ఆశీర్వదించి వచ్చాను. అలసట వల్లనా, మరొక ఇంటికి వెళ్ళే తొందర వల్లనా, మరపు వల్లనా? ఈనాడు ఎంత తరచి చూసుకున్నా కారణం దొరకలేదు. ఆ తరువాత చేసిన వేలకొలది కర్మలు దానిని కప్పివేశాయి.

ఆ గృహస్థు నేడు లేరు. కుమారుడు విజయనగరంలో ఉన్నారు. ఆ వారమే వెళ్ళి జరిగినది చెప్పి, దక్షిణ తిరిగి ఇవ్వబోయాను. ఆయన తీసుకోలేదు. కొంతసేపు మౌనంగా ఉండి, "మా నాన్నగారు ఉండగా చెప్పి ఉంటే బాగుండేదండీ" అన్నారు.

ప్రాయశ్చిత్తం చేసుకున్నాను. అయినా ఆ మాటకు ప్రాయశ్చిత్తం లేదు. ఇప్పుడు ప్రతి కర్మకు ముందు దర్భకూర్చను ఉంచేటపుడు ఒక్క క్షణం ఆగుతాను. తెర ఇప్పుడు సరిగానే ఉన్నది. కెమెరా విడిపోతే పాత దృశ్యం చూపదు. 'దర్శనం ప్రస్తుతం అందుట లేదు' అని అక్షరాలు చూపుతుంది. ఆ వృద్ధురాలు ఒకనాడు అది చదివించుకొని, కర్ర పట్టుకొని నెమ్మదిగా గడప వరకు వచ్చి హారతి కళ్ళకు అద్దుకుంది.

శివార్పణమస్తు.