అణువుల బొమ్మకు వెలుతురు

జనగామకు సమీపమున నున్న పెంబర్తి గ్రామపు పనివారు ఇత్తడి రేకును వెనుకనుండి కొట్టి, ముందువైపున లతలును పక్షులును ఉబ్బియుండునట్లు చేయుదురు. అట్టి పళ్లెము నొకదానిని మేము తరగతికిఁ గొనిపోయి, గది చీఁకటి చేసి, ఒక విద్యార్థిచేత టార్చిదీపమును నొసటికి ఆనించి పట్టించితిమి. బొమ్మలు రేకులో అడఁగిపోయినట్లు కానవచ్చెను. దీపమును ప్రక్కకు జరిపినంతనే ప్రతి యాకును తన నీడతో పైకి లేచెను. భూపాలపల్లి బొగ్గుగని కార్మికుని కుమారుఁ డొకఁడు తన తండ్రి టోపీదీపమును తలఁచుకొని, "దీపము కంటివెంటనే నడచినయెడల నీడ వస్తువు వెనుక దాగును" అని చెప్పెను. ఆ మాట సరియైనది.

కంప్యూటరుపై అణువుల బొమ్మలను చూపుటకు పూర్వము ఈ సంగతి తెలియవలయునని మా యుద్దేశము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు సాన్ ఫ్రాన్సిస్కోలో సిద్ధపఱచిన కైమెరాఎక్స్ అను సాఫ్ట్‌వేరు విద్యాకార్యములకు ఉచితముగా లభించును. దానిలో మేము 4డిఎఫ్ఆర్ అను నిర్మాణమును తెఱచితిమి. ఇది ఈ.కోలై అను సూక్ష్మజీవియందలి యొక ఎంజైము మెథోట్రెక్సేట్ అను మందుతో కూడియున్న రూపము, 1982లో ప్రకటింపఁబడినది. మానవుని ఎంజైమునందును మందు ఇమిడెడు విధము చాలవఱకు ఇట్టిదే. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలవారు 1940ల దశకములో ఫోలిక్ ఆమ్లమును, దాని పనికి అడ్డుపడు మందులను తయారుచేసిరి. మెథోట్రెక్సేట్ అట్టివానిలో నొకటి. కణములు పెరిగి విభజన చెందుటకు వలయు ఎంజైమును అది పట్టి యాపును.

మహబూబాబాదునుండి వచ్చిన బాలిక యొకతె తమ్ముఁడు రక్తపు క్యాన్సరునకు చికిత్స పొందుచు ఈ మందునే పుచ్చుకొనుచుండెను. ఆమె తెరను చూచి, "సారూ, మందు పైపైన అంటుకొని యున్నది. ఊడిపోదా?" అని యడిగెను. తరగతి నిశ్శబ్దమాయెను.

ఆ సందేహమునకు కారణము వెలుతురు. ఆరంభమున నుండు "సింపుల్" అను అమరికలో ఒక ముఖ్యదీపము, దానికి తోడుగా ఒక సహాయదీపము, అంతట సమముగా వ్యాపించు వెలుతురు ఉండును. ఒక భాగపు నీడ మఱియొక భాగముపై పడదు. అందుచే లోతైన గుంటయు చదునుగా తోఁచును. మేము "లైటింగ్ సాఫ్ట్" అను ఆజ్ఞ నిచ్చితిమి. అప్పుడు కంప్యూటరు అనేక దిక్కులనుండి వెలుతురు వచ్చునట్లు భావించి, ప్రతి తావునకు ఇరుగుపొరుగు పరమాణువులు ఎంత అడ్డమో లెక్కించును. లోతు కొలఁది చీఁకటి పెరుగును. ఎంజైమునందలి గుంట వెంటనే కనఁబడెను. మందుయొక్క ఉంగరముల భాగము గుంటలోనికి దిగి, తోఁక మాత్రము ద్వారమువద్ద నిలిచియుండెను. బాలిక బొమ్మను మరల త్రిప్పుమని కోరి, చాలసేపు చూచి, పుస్తకములో గీసికొనెను. ఆమె తమ్ముని రోగమునుగూర్చి మేము వాగ్దాన మేమియు చేయలేదు. మందు ఎచట ఇమిడియుండునో చూపితిమి.

నీడ అధికమైనను ప్రమాదమే. "ఫుల్" అను అమరికలో ముఖ్యదీపపు నీడయు తోడగును. దానిని చూచి యొక బాలుఁడు నల్లని మచ్చను ఆవలివైపునకు పోవు రంధ్ర మనుకొనెను. అట్టి సమయమున బొమ్మను త్రిప్పి చూడవలయును. లేదా సమవ్యాప్త వెలుతురును కొంచెము పెంచవలయును. పగటివేళ గోడపై బొమ్మను వేయునపుడు ఈ పెంపు మఱింత అవసరము, లేనియెడల వెనుక బల్లలవారికి చీఁకటి తప్ప ఏమియు కానరాదు. పాత కంప్యూటరు నత్తనడక నడచినచో, నీడలను లెక్కించు దిక్కుల సంఖ్యను తగ్గింపవచ్చును.

ప్రియ విద్యార్థులారా! అణువునకు నిజముగా ఇట్టి నీడ లేదు. కంటికి కానవచ్చు వెలుతురుయొక్క తరంగదైర్ఘ్యము సుమారు 400 మొదలు 700 నానోమీటర్లు. పరమాణువుల నడుమ దూరమో, సుమారు 0.15 నానోమీటరు. అంత చిన్నదానిపై ఆ వెలుతురు నీడ వేయఁజాలదు. కనుకనే శాస్త్రజ్ఞులు ఎక్స్ కిరణములచే పరమాణువుల స్థానములను కనుగొనిరి. స్థానములు కొలతవలన వచ్చినవి. రంగులును దీపములును మనము పెట్టినవి. మీ బొమ్మక్రింద ఏ వెలుతురు వాడితిరో వ్రాయుఁడు. ఏ ప్రశ్నకైనను బొమ్మను జూచి జవాబు చెప్పుటకు ముందు, రెండు విధముల వెలుతురులో దానిని త్రిప్పి చూడుఁడు. ఆ జవాబుకొఱకు ఇంటివద్ద ఎవరో కాచుకొని యుండవచ్చును.