కారుకీ ఓ గడప!

కొత్త బూట్లు కొన్నప్పుడు వచ్చే అట్టపెట్టెని ఓసారి చేతిలోకి తీసుకోండి. మూత పెట్టి ఉండగానే రెండు చివరలా పట్టుకుని, తడిబట్ట పిండినట్టు మెలితిప్పి చూడండి. అంత తేలిగ్గా లొంగదు. ఇప్పుడు మూత తీసేసి అదే పని చేయండి. పెట్టె అటూ ఇటూ వంకర్లు పోతుంది. అట్ట మారలేదు, దాని మందమూ మారలేదు. పోయిందల్లా మూతే!

పైకప్పులేని స్పోర్ట్స్ కార్ల కష్టమంతా ఈ పెట్టెలోనే ఉంది. వెనకటి కార్లకు లారీకున్నట్టే కింద విడిగా ఓ ఉక్కు చట్రం ఉండేది. దానిమీద బాడీని బిగించేవారు. ఇప్పటి కార్లలో చాలావాటికి ఆ చట్రం లేదు. రేకులన్నీ కలిపి వెల్డింగ్ చేసిన బాడీయే చట్రం కూడా. అలాంటి కారులో పైకప్పు ఎండావానలకు అడ్డు మాత్రమే కాదు, పెట్టెకు మూత. దాన్ని తీసేసి గుడ్డ టాపు పెడితే గాలి ధారాళంగా వస్తుంది, చూడ్డానికీ బాగుంటుంది. గట్టిదనం మాత్రం తగ్గిపోతుంది.

డెట్రాయిట్ శివార్లలో ఉండే ఓ తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు ఈ సంగతి కారు అద్దంలో కనిపించింది. అతనిది 1992 నాటి మజ్దా మియాటా. రెండే సీట్లు, గుడ్డ టాపు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో జనం తొలిసారి చూసిన ఈ బుల్లి కారు, 2016లో పది లక్షల మైలురాయి దాటింది. టన్నుకన్నా తక్కువ బరువు, మలుపుల్లో చెప్పిన మాట వినే స్టీరింగ్... ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసు పార్కింగ్‌లో ఒకటి చూసి మనసు పారేసుకున్నాడు. ఇల్లూ, వాయిదాలూ, పిల్లా... అన్నీ అయ్యాక నలభై అయిదేళ్లు దాటి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నాడు.

కొన్న నెలకే గమనించాడు. రోడ్డు నున్నగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. చిన్న గతుకు రాగానే లోపలి అద్దం వణుకుతుంది. వెనక వచ్చే కారు అందులో రెండుగా కనిపిస్తుంది. స్టీరింగ్ చేతుల్లో సన్నగా అదురుతుంది. డాష్‌బోర్డు కిటకిటలాడుతుంది. టాపులేని కార్లకు పాతకాలం నుంచీ ఉన్న జబ్బే ఇది. ఇంగ్లిషువాళ్లు ‘స్కటిల్ షేక్’ అంటారు. తెలిసినవాళ్లంతా ఒకటే మందు చెప్పారు... ‘స్ట్రట్ బ్రేస్ వేయించు!’

రెండు బురుజులు, ఒక కడ్డీ

ఏ కారుదైనా బానెట్ ఎత్తితే ఇంజిన్‌కి అటూ ఇటూ, దాదాపు చక్రాలకు పైన, రేకుతో చేసిన రెండు గుండ్రటి దిమ్మెలు కనిపిస్తాయి. స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ వచ్చి తగిలేది అక్కడే. కోటకు బురుజుల్లా ఉంటాయి కాబట్టి వాటిని టవర్లంటారు. కారు మలుపు తిరిగేటప్పుడు ఈ టవర్లమీద పడే బలానికి అవి పిసరంత లోపలికో బయటికో ఒరుగుతాయి. టవరు ఒరిగితే చక్రం నిలబడే కోణం మారుతుంది. టైరు రోడ్డును పట్టుకునే తీరూ మారుతుంది. రెండు టవర్ల తలల్నీ కలుపుతూ ఒక ఉక్కు కడ్డీయో, అల్యూమినియం కడ్డీయో బిగిస్తే ఒకదానికొకటి ఆసరా అవుతాయి. స్ట్రట్ బ్రేస్ అంటే ఇంతే.

కడ్డీల్లోనూ రకాలున్నాయి. తిన్నగా ఉన్న కడ్డీ బాగా పనిచేస్తుంది. ఇంజిన్ అడ్డొచ్చిందని విల్లులా వంచితే ఆ వంపు దగ్గరే లొంగుతుంది. కొన్నింటికి రెండు చివరలా బోల్టు కీళ్లుంటాయి. అవి నెట్టుడూ లాగుడూ ఆపగలవు కానీ మెలికను ఆపలేవు. నాలుగు కర్రల్ని చతురస్రంగా కట్టి ఒక మూల నొక్కితే పక్కకి వాలిపోతుంది. ఒక కర్ర ఏటవాలుగా కడితే ఇక కదలదు. పల్లెల్లో చెక్క గేటుకు ఏటవాలు పట్టీ కొట్టేది ఇందుకే. మంచి బ్రేసులు టవర్ల మధ్య ఒక్క కడ్డీతో ఆగకుండా, వెనక ఇంజిన్ గదికీ మనుషుల గదికీ మధ్యనున్న గోడదాకా వెళ్లి త్రికోణం కట్టేదీ ఇందుకే.

మరో మెలిక ఉంది. ఈ కడ్డీ ఎక్కువగా ఉపయోగపడేది మెక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉన్న కార్లకు. ఇంజినీరు ఎర్ల్ మెక్‌ఫెర్సన్ పేరుమీద వచ్చిన ఈ అమరిక 1950లో బ్రిటన్ ఫోర్డు కార్లు కాన్సల్, జెఫిర్‌లలో కనిపించింది. మన రోడ్లమీద దశాబ్దాలపాటు తిరిగిన మారుతీ 800 ముందు చక్రాలకూ ఇదే. ఇందులో చక్రాన్ని నిటారుగా నిలబెట్టే పని కూడా స్ట్రట్‌దే కాబట్టి మలుపులో పక్కబలం నేరుగా టవరు తలకు చేరుతుంది. మియాటాకు అలా కాదు. నాలుగు చక్రాలకూ పైనొకటి, కిందొకటి చేతుల్లాంటి విష్‌బోన్లుంటాయి. పక్కబలాన్ని అవి పట్టుకుని కింది భాగానికి పంపిస్తాయి. టవరుకు చేరేది ఎక్కువగా స్ప్రింగు బరువే. అంటే కడ్డీ చేయగల పని అక్కడ తక్కువే.

ఈ వివరమంతా అతను చదివాడు. అయినా 150 డాలర్లు పెట్టి, మెరిసే అల్యూమినియం బ్రేస్ తెప్పించి బిగించాడు. మొదటి రెండు రోజులూ అదురు తగ్గినట్టే అనిపించింది. మూడో రోజు అద్దం మళ్లీ వణికింది.

లారీకి వంగడం రావాలి

ఆ వేసవిలో విజయవాడ నుంచి నాన్న వచ్చాడు. డెబ్భై నాలుగేళ్లు. నలభై ఏళ్లపాటు ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టిన మనిషి. కొడుకు పదో తరగతి సెలవుల్లో షెడ్డుకొస్తానంటే ‘ఈ గ్రీజు నీకొద్దురా, పోయి చదువుకో’ అని వెనక్కి పంపేసినవాడు. ఆ తర్వాత తండ్రీకొడుకుల మధ్య బండ్ల మాట వచ్చింది తక్కువే.

బానెట్ కింద మెరుస్తున్న కడ్డీని చూసి పెద్దాయన నవ్వాడు.

‘‘ఇదెందుకురా అబ్బాయ్?’’

‘‘బండి మెలిపడకుండా నాన్నా.’’

‘‘మెలిపడితే ఏం? లారీ చట్రం మెలిపడాలి. గట్టిగా బిగదీస్తే గుంటలో పడ్డప్పుడు పగుళ్లిస్తుంది. మేం చట్రానికీ బాడీకీ మధ్య చెక్క పెట్టి యు-బోల్టులతో పట్టించేది ఎందుకనుకున్నావు?’’

ఆయన చెప్పింది నిజమే. లారీ చట్రానికి రెండు పక్కలా ఉండేవి ‘సి’ అక్షరం ఆకారంలోని ఉక్కు కమ్ములు. ఒక పక్క తెరిచి ఉండటంవల్ల అవి బరువును మోస్తాయి కానీ మెలికకు లొంగుతాయి. గతుకుల్లో ఒక చక్రం పైకీ, ఇంకొకటి కిందికీ వెళ్లినప్పుడు ఆ లొంగుబాటే లారీని కాపాడుతుంది. కావాలంటే ఓ పీవీసీ గొట్టం తీసుకోండి. చేత్తో మెలితిప్పలేరు. దాన్ని పొడవునా ఒక్క గాటు పెట్టి చీల్చండి. అదే గొట్టం ఇట్టే మెలిపడుతుంది. పలుచటి గొట్టాల్లో ఈ తేడా వందల రెట్లుంటుంది.

స్పోర్ట్స్ కారు లెక్క వేరని కొడుకు చెప్పాడు. గతుకును మింగాల్సింది స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ. బాడీ కదలకుండా నిలబడుతుందన్న నమ్మకంతోనే వాటిని తయారుచేస్తారు. బాడీయే మెలిపడుతుంటే అదో అయిదో స్ప్రింగు అవుతుంది, దాన్ని అదుపుచేసే షాక్ అబ్జార్బర్ ఉండదు. అందుకే కంపెనీలు కారు వెనక భాగాన్ని కదలకుండా బిగించి, ముందు భాగాన్ని మెలితిప్పి, ఒక్క డిగ్రీ మెలిపడటానికి ఎంత బలం కావాలో కొలుస్తాయి. మియాటాకు 1994 మోడల్లో 1.8 లీటర్ల ఇంజిన్‌తోపాటు అదనపు బ్రేసుల్ని కంపెనీయే చేర్చింది.

పెద్దాయన కాసేపు ఆలోచించాడు. ‘‘సరే, మూతలేదంటున్నావు. అయితే బలమంతా ఎక్కడుంది?’’

‘‘గడపల్లో నాన్నా.’’

గడప అన్న మాట సరిగ్గా సరిపోతుంది. తలుపు తీయగానే కాలు దాటించాల్సిన అంచు, తలుపు కింద ముందు నుంచి వెనక దాకా సాగే ఉక్కు గొట్టం. పైకప్పులేని కారును నిలబెట్టేది ప్రధానంగా అదే. 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్‌లో గడపలు మరీ ఎత్తుగా ఉండి, ఎక్కడానికి కాస్త విన్యాసమే చేయాల్సి వస్తుంది. అల్యూమినియం ముక్కల్ని జిగురుతో అతికించిన దాని చట్రం బరువు దాదాపు 68 కిలోలే.

‘‘మరి ఆ గడప చూశావా?’’ అన్నాడు నాన్న.

స్క్రూడ్రైవర్ దిగిపోయింది!

ముందు ఒక మూల జాకీ పెట్టి లేపించాడు. అంతకుముందు చక్కగా పడిన తలుపు ఇప్పుడు గడియ దగ్గర రాసుకుంది. పెద్దాయన ఏమీ అనలేదు. జాకీ దించి, మోకాళ్లమీద కూర్చుని, వెనక చక్రానికి ముందు గడప చివరను స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వచ్చాడు. ఠంగుమన్న శబ్దం ఒకచోట డబ్బుమంది. స్క్రూడ్రైవర్ తిరగేసి మొనతో నొక్కాడు. రంగు పెచ్చు ఊడి, ఇనుము బిస్కెట్ పొడిలా రాలింది. మొన లోపలికి దిగిపోయింది.

కారణం వెతకడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. గుడ్డ టాపుమీద పడిన వాన నీరు సీట్ల వెనకనున్న సన్నటి గొట్టాల్లోంచి దిగి, గడప చివర బయటికి పోవాలి. ఏళ్ల తరబడి ఎవరూ శుభ్రం చేయక ఆ గొట్టాల్లో రాలుటాకులు పేరుకున్నాయి. నీరు పోయే దారిలేక గడపలోనే నిలిచింది. దానికి తోడు చలికాలంలో మంచు కరగడానికి రోడ్లమీద చల్లే ఉప్పు. గడప గొట్టం ఒకచోట తెరుచుకుంది. గాటుపెట్టిన పీవీసీ గొట్టం గుర్తుందిగా... అదే అయింది.

అతను కంగారు పడింది అద్దం వణుకు గురించి కాదు. పక్కనుంచి ఇంకో బండి గుద్దితే మనిషికీ దెబ్బకీ మధ్య తలుపుతోపాటు అడ్డుగా ఉండేది ఆ గడపే. పదిహేనేళ్ల కూతురు, లైసెన్సు రాగానే ఈ కారే నడుపుతానని ఎప్పటినుంచో చెబుతోంది. వారాంతాల్లో పక్క సీట్లో కూర్చునేదీ ఆమే. పైన కడ్డీ బిగించి బండి గట్టిపడిందని అతను సంబరపడిన రోజుల్లో కూడా ఆ పిల్ల ఆ సీట్లోనే ఉంది.

వెల్డింగ్ షాపువాళ్లు రెండు పక్కలకూ కలిపి 2,400 డాలర్లు అవుతుందన్నారు. కారు కొన్న ధరలో సగం. ‘తుక్కుకు ఇచ్చేయొచ్చుగా’ అంది భార్య. ఆ మాటా కాదనలేనిదే. రెండు రాత్రులు లెక్కలు వేసుకున్నాడు. చివరికి పెద్దాయనే తేల్చాడు. ‘‘బాగుచేస్తే పూర్తిగా చెయ్, లేకపోతే అమ్మెయ్. పైన పుట్టీ పెట్టి రంగేసి మాత్రం పిల్ల చేతికివ్వకు.’’

పుచ్చిన ఇనుమంతా కోసేసి, గట్టి లోహం తగిలేదాకా వెళ్లి, కొత్త రేకులు వెల్డింగ్ చేశారు. కోతకు ముందు తలుపు సందులు మారకుండా లోపల అడ్డకమ్మీలు బిగించారా లేదా అని పెద్దాయన దగ్గరుండి చూసుకున్నాడు. భాష రాకపోయినా ఆ షాపు కుర్రాళ్లతో ఆయనకు మాట కలిసింది. వేలితో చూపిస్తే వాళ్లకు అర్థమైపోయేది. గొట్టాల్లోని ఆకుల్ని తాతా మనవరాలూ కలిసి మెత్తటి తీగతో బయటికి తీశారు. అతను గడపల్లోపల తుప్పు పట్టకుండా మైనం మందు కొట్టాడు. నాన్నతో కలిసి బండికింద పని చేయడం అతనికదే మొదటిసారి.

ఇప్పుడు అద్దం వణకడం పూర్తిగా పోలేదు కానీ, వెనక వచ్చే కారు ఒక్కటిగానే కనిపిస్తోంది. మూతలేని పెట్టెకు అంతకన్నా అడగకూడదు. అల్యూమినియం కడ్డీ కూడా దాని చోటునే ఉంది. కూతురు లైసెన్సు పరీక్షకు చదువుకుంటోంది.

పెద్దాయన విజయవాడ వెళ్లిపోయాడు. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. మనవరాలి చదువు, కోడలి ఆరోగ్యం అన్నీ అయ్యాక, పెట్టేసే ముందు అడుగుతాడు...

‘‘ఒరేయ్, అక్కడ ఆకులు రాలే కాలమొచ్చిందటగా. గొట్టాలు చూశావా?’’